శ్వాసకి ముందు సంతోషం: ఆనాపానసతికి మనసుని సిద్ధం చేసుకోవడం ఎలా

ఆనాపానసతి, అంటే బుద్ధుడు చెప్పిన శ్వాస ధ్యానం, మొదలుపెట్టినవాళ్లు చాలామంది నాతో ఒకే మాట చెబుతారు. "కళ్లు మూసుకుని శ్వాస మీద దృష్టి పెడతాను. రెండు నిమిషాలు ఉంటుంది. తర్వాత మనసు ఎటో పోతుంది. లాక్కొస్తాను. మళ్లీ పోతుంది. అరగంటయ్యేసరికి తలనొప్పి మిగులుతుంది." ఈ మాట విన్నప్పుడల్లా నా తొలి రోజులు గుర్తొస్తాయి. దాదాపు మూడేళ్లు నేనూ అలాగే కూర్చున్నాను. పొద్దున్నే ఐదింటికి అలారం, ఒక చాప, పళ్లు బిగించి శ్వాసకి కాపలా. నాకు ఏకాగ్రత తక్కువని అనుకునేదాకా వచ్చాను. అసలు ఇబ్బంది అంతకుముందే మొదలవుతోందని చాలా ఆలస్యంగా తెలిసింది. ఎండిపోయిన మనసుతో, డ్యూటీకి వెళ్లినట్టు శ్వాస దగ్గరికి వెళ్తున్నాను. ఆకలితో ఉన్న మనసు అది. శ్వాసలో దానికి రుచేమీ తగలక, నిన్నటి గొడవలోనో రేపటి పనిలోనో ఏదైనా దొరుకుతుందేమోనని వెతుక్కుంటూ పోయేది.

అందుకే శ్వాస మీదికి వెళ్లేముందు పది పదిహేను నిమిషాలు మనసుకి సంతోషం అందించాలి. దానికోసం బలవంతంగా నవ్వక్కర్లేదు. మనలో ఇప్పటికే ఉన్న మంచిని ఒకదాన్ని వెతికి పట్టుకుని, దాని దగ్గర కాసేపు కూర్చుంటే చాలు. ఆ పని ఎలా చేయాలో ఇక్కడ అడుగడుగునా రాస్తాను.

బుద్ధుడి మాటల్లో దీని చోటు

ముందు ఒక కథ. సిద్ధార్థుడు ఏళ్ల తరబడి ఒంటిని మాడ్చుకుని తపస్సు చేశాడు. ఎముకలు తేలాయి కానీ జ్ఞానం కలగలేదు. అప్పుడు ఆయనకి చిన్ననాటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. తండ్రి పనిలో ఉంటే, తను నేరేడు చెట్టు చల్లని నీడలో కూర్చున్నాడు. మనసు దానంతటదే కుదురుకుని, ప్రీతితో, సుఖంతో నిండింది. అది గుర్తు చేసుకుని తనని తాను ప్రశ్నించుకున్నాడు: కామంతోనూ, చెడు ఆలోచనలతోనూ సంబంధం లేని ఆ సుఖానికి నేనెందుకు భయపడుతున్నాను? మజ్ఝిమ నికాయంలో మహాసచ్చక సుత్తంలో ఉందీ సంగతి. (సుత్తమంటే బుద్ధుడి బోధ, నికాయమంటే అలాంటి బోధల సంపుటం.) ఆ ప్రశ్న తర్వాతే ఆయన మళ్లీ అన్నం తిన్నాడు, ఒంట్లో కాస్త సత్తువ తెచ్చుకున్నాడు, ధ్యానంలో కూర్చున్నాడు.

ఆ భయం మనలోనూ ఉంది. ధ్యానమంటే మొహం ముడుచుకుని చేయాల్సిన పని అని, సంతోషం వస్తే ఏదో తప్పు జరుగుతోందని అనుకుంటాం. బుద్ధుడు చెప్పిన వరస వేరు. సంయుత్త నికాయంలోని ఉపనిస సుత్తంలో శ్రద్ధ నుంచి పామోజ్జం పుడుతుంది, అంటే ప్రమోదం. ప్రమోదం నుంచి పీతి, మనం ప్రీతి అంటాం. ప్రీతి నుంచి పస్సద్ధి, అంటే ఒళ్లూ మనసూ చల్లబడడం. దాని నుంచి సుఖం. సమాధి ఆ సుఖం తర్వాత వస్తుంది. "సుఖినో చిత్తం సమాధియతి" అనే పాళీ మాట సుత్తాల్లో పదేపదే కనిపిస్తుంది. సుఖంగా ఉన్నవాడి మనసు కుదురుకుంటుందని అర్థం. మనం దాన్ని తిరగేసి, ముందు కుదురు వస్తే తర్వాత సుఖం వస్తుందని ఎదురుచూస్తున్నాం.

ఆనాపానసతి సుత్తమే చూడండి. శ్రావస్తిలో, మిగారమాత ప్రాసాదమనే విహారంలో, కార్తీక పౌర్ణమి రాత్రి ఆరుబయట భిక్షువులందరూ చుట్టూ కూర్చుని ఉండగా బుద్ధుడు దాన్ని బోధించాడు. అయితే ఎత్తుకోవడమే శ్వాస గురించి ఎత్తుకోలేదు. మౌనంగా కూర్చున్న ఆ సంఘాన్ని ముందు మెచ్చుకున్నాడు. ఇక్కడ వ్యర్థపు మాటల్లేవు, ఇందులో పూర్తి విముక్తి పొందిన అర్హంతులున్నారు, మైత్రీ భావన చేసేవాళ్లున్నారు, శ్వాస మీద సాధన చేసేవాళ్లున్నారు అంటూ ఒక్కొక్కరినీ తలుచుకున్నాడు. ఆ మెప్పు అయ్యాకే పదహారు మెట్ల ఆనాపానసతి మొదలైంది. నా ఉద్దేశంలో ఆ మెచ్చుకోలు బోధలో భాగమే. వెన్నెల్లో కూర్చుని ఆ మాటలు విన్నవాళ్ల మనసులు ఎంత తేలికపడి ఉంటాయో ఊహించుకోండి. ఆ మనసులకే ఆయన శ్వాసని అందించాడు.

ఇక మన పద్ధతికి నేరుగా ఆధారమైనది సంయుత్త నికాయంలోనే మరో సుత్తం. బుద్ధుడి శిష్యుడు ఆనందుడు భిక్షుణులు ఉండే చోటికి వెళ్లి వచ్చి, వాళ్ల సాధన గురించి చెబితే బుద్ధుడు ఇచ్చిన జవాబు అది. సాధనలో ఉన్నప్పుడు ఒంట్లో తాపం పుట్టినా, మనసు మందగించినా, బయటికి చెదిరినా, మనసుని ప్రసన్నత కలిగించే ఒక నిమిత్తం వైపు, అంటే తలుచుకోదగ్గ ఒక విషయం వైపు తిప్పమన్నాడు. అప్పుడు ప్రమోదం కలుగుతుంది, ప్రీతి, శాంతి, సుఖం వరసగా వస్తాయి, మనసు కుదురుతుంది. కుదిరాక ఆ నిమిత్తాన్ని వదిలెయ్యమన్నాడు. వదిలెయ్యమన్న ఆ చివరి ముక్కని చాలామంది మరిచిపోతారు. దాని గురించి ముందు ముందు చెబుతాను.

మొదటి అడుగు: కూర్చోకముందే

ఈ సాధనలో సగం పని చాప మీదికి రాకముందే అయిపోతుంది. శీలంగా బతికేవాడు "నాకు పశ్చాత్తాపం లేకుండుగాక" అని కోరుకోనక్కర్లేదు, అది సహజంగానే ఉండదు. పశ్చాత్తాపం లేనివాడు "నాకు ప్రమోదం కలుగుగాక" అని కోరుకోనక్కర్లేదు, అదీ సహజంగానే కలుగుతుంది. ఇలా వరసగా సాగే మాట ఒకటి అంగుత్తర నికాయంలో ఉంది. నాకు చాలా ధైర్యమిచ్చిన మాట అది. సంతోషాన్ని తయారు చేసే బాధ్యత మన మీద లేదు. దానికి అడ్డుపడేదాన్ని తీస్తే చాలు.

ఒకసారి కూరగాయలావిడకి ఇరవై రూపాయలు తక్కువిచ్చి వచ్చేశాను. చిల్లర లేదని చెప్పాను కానీ జేబులో ఉంది. రెండు పొద్దులు శ్వాస దగ్గర ఆవిడే కనిపించింది. మూడో రోజు వెళ్లి డబ్బు ఇచ్చేశాను. ఆవిడ పెద్దగా పట్టించుకోలేదు కానీ నాకు కూర్చోవడం తేలికైంది.

కాబట్టి రాత్రి పడుకునేముందు ఆ రోజు గుచ్చుకుంటున్నది ఏదైనా ఉంటే కాగితం మీద రాయండి. రేపు ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరికి సారీ చెప్పాలి, ఏది తిరిగి ఇచ్చేయాలి. సరిచేయలేనిదైతే, ఇకమీదట చేయనని మనసులో గట్టిగా అనుకోండి. పొద్దున కూర్చోగానే పంచశీలాలని ఒకసారి తలుచుకోండి. ఏదైనా తప్పితే మళ్లీ తీసుకోండి. తప్పినందుకు మనసుని తిట్టుకుంటూ కూర్చోవడం శీలం కాదు, అదింకో రకం చెదరడం.

రెండో అడుగు: ఒళ్లు

ఇది త్వరగా చెప్పేస్తాను. నేల మీద కూర్చోగలిగితే కూర్చోండి, మోకాళ్ల నొప్పులుంటే కుర్చీ మంచిది. కడుపు నిండా తిన్న వెంటనే వద్దు. ఫోన్ వేరే గదిలో పెట్టండి. వెన్ను నిటారుగా, కానీ కర్రలా బిగుసుకోకుండా ఉండాలి.

ఒక్క విషయం మీద మాత్రం శ్రద్ధ పెట్టండి: మొహం. కనుబొమల మధ్య ముడి, దవడ, నాలుక కింది భాగం. పగలంతా మన టెన్షన్ చేరేది అక్కడే. ఒక్కొక్కదాన్నీ వదులు చేయండి. పెదవుల చివర్లు కొద్దిగా సడలితే చాలు, నవ్వు తెచ్చిపెట్టుకోనక్కర్లేదు. భుజాలు జారనివ్వండి. పొట్ట లోపలికి లాగిపెట్టే అలవాటుంటే వదిలేయండి. మూడు నాలుగు నిమిషాలు పడుతుంది.

మూడో అడుగు: బరువు దించడం

అప్పు చేసి వ్యాపారం పెట్టినవాడు, వ్యాపారం కలిసొచ్చి అప్పంతా తీర్చి, పైగా భార్యాపిల్లల్ని పోషించుకోవడానికి కాస్త మిగిలితే ఎలా సంతోషిస్తాడో, మనసులోని కోరికల పోరు తగ్గినవాడు అలా సంతోషిస్తాడని దీఘ నికాయంలోని సామఞ్ఞఫల సుత్తం చెబుతుంది. ద్వేషం తగ్గడం జబ్బు నయమైనట్టు, నిద్రమత్తు వదలడం జైలు నుంచి బయటపడినట్టు, కలత తగ్గడం బానిసత్వం పోయినట్టు, సందేహం తీరడం ఎడారి దాటి ఊరు చేరినట్టు. ఈ ఐదూ పంచ నీవరణాలు, అంటే సాధనకి అడ్డుపడేవి. అప్పుల బాధ తెలిసిన ఇళ్లలో పెరిగినవాళ్లకి మొదటి ఉపమానం ఒక్కటీ చాలు.

ఇక్కడ చేయాల్సింది చిన్న పని. ఈ అరగంటా నాకెవరూ అప్పు లేరు, నేనెవరికీ అప్పు లేను అనుకోండి. ఇంటి బాధ్యతలు, ఆఫీసు మెయిళ్లు, పిల్లల ఫీజులు ఎక్కడికీ పోవు, అరగంట తర్వాత అక్కడే ఉంటాయి. మోసుకొచ్చిన సంచిని గుమ్మం దగ్గర దించి లోపలికి వచ్చినట్టు ఊహించుకోండి. దించిన క్షణంలో భుజాలకి తెలిసే తేలికని గమనించండి. ఒక్కోరోజు ఈ తేలికే చాలినంత సంతోషమవుతుంది, అప్పుడు తర్వాతి అడుగుతో పని లేకుండా నేరుగా శ్వాస మీదికి వెళ్లొచ్చు.

నాలుగో అడుగు: మీ ఊట ఏదో చూసుకోండి

అసలు పని ఇక్కడుంది, అందుకే నిదానంగా చెబుతాను.

బుద్ధుడు ఆరు అనుస్మృతులు, అంటే పదేపదే తలుచుకోవాల్సినవి, చెప్పాడు: బుద్ధుడు, ధమ్మం, సంఘం, శీలం, త్యాగం, దేవతలు. అంగుత్తర నికాయంలో శాక్యుడైన మహానాముడికి వీటిని బోధిస్తూ, నడుస్తూ, నిలబడి, కూర్చుని, పడుకుని, పనిలో ఉండి, పిల్లలతో కిక్కిరిసిన ఇంట్లో ఉండి కూడా వీటిని అభ్యసించవచ్చన్నాడు. మహానాముడు గృహస్థుడు. మనలాంటివాడే. ఆ మాట కోసం నేను ఆ సుత్తాన్ని మళ్లీ మళ్లీ చదువుకుంటాను.

ఆరూ ఒకేసారి పట్టుకోకండి. మీ మనసు దేనికి కరుగుతుందో చూసుకోండి, సంతోషం ఊరే మీ ఊట అదే. ఎక్కువమందికి పనికొచ్చేవి నాలుగున్నాయి. వాటిలో మూడు ఈ ఆరింటిలోవి. నాలుగోది మైత్రి, అది మైత్రి, కరుణ లాంటి బ్రహ్మవిహారాల్లోది.

*త్యాగం.* మీరు ఎప్పుడో ఎవరికో మనస్ఫూర్తిగా ఇచ్చినది ఒకటి గుర్తు తెచ్చుకోండి. పెద్ద దానాలు వెతకొద్దు. పెద్ద దానాల వెనకాల పేరు కోసం తపన ఉంటే మనసు అక్కడ కుదురుకోదు. నాకు పనికొచ్చేది ఇది: కొన్నేళ్ల కిందట బ్యాంకులో ఒక పెద్దాయన పెన్షన్ ఫారం పట్టుకుని నిలబడ్డాడు. కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చాడట. "కాస్త రాసిపెడతారా" అన్నాడు. పావుగంట పట్టింది. అయిపోయాక సంచిలోంచి జామకాయ తీసి నా చేతిలో పెట్టాడు. అంతే. ఆ జామకాయ చేతిలో పడిన క్షణాన్ని తలుచుకుంటే ఇప్పటికీ గుండెల్లో ఏదో వెచ్చగా కదులుతుంది. మీకూ అలాంటిది ఒకటుంటుంది. మండుటెండలో కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన అబ్బాయికి ఇచ్చిన చల్లటి నీళ్లు, ఆస్పత్రిలో రాత్రంతా ఎవరికో తోడుగా కూర్చోవడం, పక్కింటి పిల్లకి లెక్కలు చెప్పడం.

సుత్తంలో దీనికి వాడిన మాటలు బాగుంటాయి. "ఇది నాకు లాభం, మంచి లాభం. పిసినారితనంలో మునిగిన లోకంలో నేను ఆ మలినం లేని మనసుతో ఇంట్లో ఉంటున్నాను." దీన్ని గర్వమని పొరబడి చాలామంది వెనక్కి తగ్గుతారు. మన మంచి గురించి మనం అనుకోకూడదని చిన్నప్పట్నుంచీ నేర్పారు కదా. తేడా ఇలా తెలుసుకోవచ్చు: తలుచుకున్నప్పుడు "నేను వాళ్లకంటే గొప్ప" అనిపిస్తే అది గర్వం, ఛాతీ బిగుస్తుంది. "ఆ పని చేసే అవకాశం నాకు దొరికింది" అనిపిస్తే ఛాతీ విప్పారుతుంది. ఒళ్లు అబద్ధం చెప్పదు.

*శీలం.* ఇది కాస్త నెమ్మదైన సంతోషం. చేసినదాన్ని కాకుండా చేయకుండా ఆగినదాన్ని తలుచుకోవడం. నోటిదాకా వచ్చిన మాటని మింగేశారు. లంచం ఇస్తే పని అయిపోయేది, కానీ ఇవ్వలేదు. ఆఫీసులో అందరూ ఒకరి గురించి చెప్పుకుంటుంటే మీరు లేచి వెళ్లిపోయారు. ఎవరూ చూడకపోయినా అలా ఆగిన సందర్భాలు గుర్తొస్తే, మీ వల్ల కనీసం ఆ ఒక్క మనిషికి ఆ ఒక్క రోజు హాని జరగలేదన్న భద్రత మనసుకి తెలుస్తుంది.

*బుద్ధానుస్మృతి.* దీని గురించి మన గోదావరి తీరానికి సంబంధించిన ఒక సంగతి చెప్పాలి. సుత్తనిపాతమనే పాళీ గ్రంథంలోని పారాయణ వగ్గం అనే భాగంలో బావరి అనే బ్రాహ్మణుడు గోదావరి ఒడ్డున, అస్సక రాజ్యపు పొలిమేరలో ఉండేవాడు. ఆ చోటు నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తి అని తెలంగాణ చరిత్ర రాసినవాళ్లు చాలామంది చెబుతారు. బావరి తన పదహారుమంది శిష్యుల్ని బుద్ధుణ్ణి ప్రశ్నలు అడిగి రమ్మని ఉత్తరాదికి పంపాడు. వాళ్లలో పింగియుడు ముసలివాడు. తిరిగొచ్చాక ఆయన చెప్పిన మాటలు ఆ వగ్గం చివర్లో ఉన్నాయి. అంత గొప్ప గురువుని వదిలి ఎలా ఉండగలుగుతున్నావని అడిగితే, క్షణం కూడా ఆయనకి దూరంగా లేనంటాడు. "నేను ముసలివాణ్ణి, బలం లేదు, ఒళ్లు అక్కడికి వెళ్లలేదు. కానీ మనసు ఆయనతోనే కలిసి ఉంది. రాత్రీ పగలూ కళ్లతో చూసినట్టే మనసుతో ఆయన్ని చూస్తున్నాను" అని దాని సారం. అన్ని వందల మైళ్ల దూరంలో, గోదావరి గాలిలో కూర్చుని ఒక ముసలాయన కళ్లు మూసుకుని నవ్వుకుంటున్నట్టు నాకు కనిపిస్తుంది. బుద్ధానుస్మృతి అంటే ఏమిటో నాకు ఆయన దగ్గరే తెలిసింది.

మీరు చేయాల్సిందీ అదే. నాగార్జునకొండలోనో, అమరావతిలోనో, విశాఖ పక్కన సముద్రం కనిపించే తొట్లకొండ మీదో మీకు కలిగిన ప్రశాంతతని తలుచుకోవచ్చు. లేదా బుద్ధుడి జీవితంలో మిమ్మల్ని కదిలించిన ఒక్క దృశ్యం, ఆ నేరేడు చెట్టు నీడ లాంటిది. ఆ మనిషి నిజంగా బతికాడు, మన బాధే పడ్డాడు, దారి కనుక్కున్నాడు, దాచుకోకుండా చెప్పాడు. ఇది చాలు.

*మైత్రి.* మీకు ఏ కోపమూ లేని ఒక జీవిని ఎంచుకోండి. మనవరాలు, చిన్నప్పుడు అన్నం పెట్టిన అమ్మమ్మ, వీధి చివర తోకాడించే కుక్క. "నువ్వు సుఖంగా ఉండాలి" అని ఆ మొహం చూస్తూ అనుకోండి. కష్టమైన మనుషుల జోలికి ఇప్పుడే పోవద్దు, ఆ సాధన వేరే. మైత్రీ భావనకి అంగుత్తర నికాయంలో చెప్పిన పదకొండు ఫలితాల్లో మనసు త్వరగా కుదురుకోవడం ఒకటి. శ్వాస సాధకులకి అది నేరుగా పనికొచ్చేదే.

ఐదో అడుగు: మాట నుంచి అనుభూతికి

ఊట దొరికింది. ఇప్పుడు దాన్ని ఎలా వాడాలి?

కుంపటి రాజేయడం చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నివురు కింద ఒక్క నిప్పు రవ్వ ఉంటే చాలు. గట్టిగా ఊదితే బూడిద కళ్లలో పడుతుంది. నెమ్మదిగా, ఆగి ఆగి ఊదాలి. ఇక్కడ ఊదడమంటే తలుచుకోవడం. జామకాయ, ఆయన చెయ్యి, ఆ క్షణం. ఒక్కసారి తలుచుకుని ఆగండి. ఒంట్లో ఎక్కడ ఏం కదిలిందో చూడండి. ఛాతీలో వెచ్చదనం, కళ్ల వెనకాల తేలిక, గొంతు సడలడం, చర్మం మీద చిన్న జలదరింపు. ఏదో ఒకటి ఉంటుంది, మరీ కొంచెమే అయినా. అది తగ్గుతోందనిపిస్తే మళ్లీ ఒకసారి తలుచుకోండి. కథలోకి జారిపోకండి. ఆ బ్యాంకు, ఆ రోజు వాన, తర్వాత నేనెక్కడికి వెళ్లాను అంటూ సాగితే అది జ్ఞాపకాల్లో తిరగడం అవుతుంది.

అయిదో శతాబ్దంలో లంకలో విశుద్ధిమగ్గ అనే సాధన గ్రంథం రాసిన బుద్ధఘోషుడు ప్రీతిని ఐదు రకాలుగా చెప్పాడు. రోమాలు నిక్కబొడిచేంత చిన్నది, మెరుపులా వచ్చిపోయేది, ఒడ్డుని తాకే అలల్లా వచ్చేది, ఒంటిని పైకి లేపినట్టుండేది, ఒళ్లంతా నిండిపోయేది. ఈ లిస్టు చదివి పెద్దదాని కోసం ఎదురుచూడొద్దు. మన పనికి మొదటిది చాలు. ప్రీతికీ సుఖానికీ తేడా కూడా ఆయనే చక్కగా చెప్పాడు: ఎడారిలో అలసినవాడు దూరాన నీళ్లున్నాయని చూసినప్పుడో విన్నప్పుడో కలిగేది ప్రీతి, ఆ నీళ్లు తాగి చెట్టు నీడలో చేరినప్పుడు కలిగేది సుఖం. ప్రీతిలో కాస్త ఉత్సాహం ఉంటుంది, సుఖం కుదురుగా ఉంటుంది. మనం శ్వాస వైపు తిరగాల్సింది ఉత్సాహం సుఖంగా మారడం మొదలైనప్పుడు.

ఆరో అడుగు: శ్వాస వైపు తిరగడం

ఎప్పుడు తిరగాలో గడియారం చెప్పదు. ఇంకా ఏమీ తలుచుకోకపోయినా ఆ వెచ్చదనం నాలుగైదు శ్వాసల పాటు నిలుస్తోందంటే సమయం వచ్చినట్టే. అప్పుడు నిమిత్తాన్ని వదిలేయండి. పెద్దాయనా, జామకాయా, అమ్మమ్మా అందరూ ఇప్పుడు పక్కకి తప్పుకోవాలి. భిక్షుణుల సుత్తంలో బుద్ధుడు చెప్పిన ఆ చివరి ముక్క ఇదే. వదలకపోతే తీపి ఊహల్లో ఊగుతూ గంట గడిపేస్తాం, లేచాక ఎంతో బాగుందనిపిస్తుంది, కానీ సాధన ముందుకు సాగదు.

బొమ్మని వదలాలి, వెచ్చదనాన్ని కాదు. ఆ వెచ్చదనంతోనే శ్వాసని చూడండి. ముక్కు దగ్గరో, ఛాతీలోనో, పొట్టలోనో మీకు అలవాటైన చోట. మొదట్లో శ్వాస ఎలా ఉంటే హాయిగా ఉంటుందో చూడండి. పొడవు శ్వాసా, పొట్టి శ్వాసా, లోతైనదా, పైపైదా? థాయ్‌లాండ్‌లోని అటవీ భిక్షువుల సంప్రదాయంలో అజాన్ లీ అనే గురువు ఈ పరీక్షకి చాలా ప్రాధాన్యం ఇచ్చాడు. శ్వాసని బలవంతంగా మార్చనక్కర్లేదు. ఏది హాయిగా ఉందో గమనిస్తే ఒళ్లే అటు మొగ్గుతుంది. లోపలికి వచ్చే ప్రతి శ్వాసా ఆ వెచ్చదనాన్ని తాకి వస్తోందనుకోండి.

ఆనాపానసతి పదహారు మెట్లలో ఐదోది ప్రీతిని అనుభవిస్తూ శ్వాసించడం, ఆరోది సుఖాన్ని అనుభవిస్తూ శ్వాసించడం, పదోది మనసుని ఆనందింపజేస్తూ శ్వాసించడం. కాబట్టి సంతోషాన్ని బయట గుమ్మంలో వదిలి రావక్కర్లేదు. లోపల దానికి చోటుంది.

మధ్యలో తడబడితే

పదిహేను నిమిషాలకో ఇరవై నిమిషాలకో రెండు రకాల ఇబ్బందుల్లో ఏదో ఒకటి వస్తుంది.

ఒకటి, మనసు ముద్దగా మారి, తల వాలిపోతుంది. చిన్న మంట మీద తడి గడ్డి, తడి కట్టెలు వేస్తే ఆరిపోతుందని బుద్ధుడు అగ్గి సుత్తంలో అంటాడు. మందంగా ఉన్న మనసుకి శాంతిని ఇంకా పెంచే సాధన పనికిరాదు, ప్రీతీ ఉత్సాహమూ కావాలి. ఇలాంటప్పుడు శ్వాసని వదిలి మీ ఊట దగ్గరికి రెండు మూడు నిమిషాలు వెళ్లి రండి. ఓడిపోయి వెనక్కి వెళ్తున్నట్టు అనుకోవద్దు, చెప్పిన పద్ధతే ఇది.

రెండోది దీనికి ఎదురు. సంతోషం పొంగి ఉద్వేగమవుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఎవరికైనా చెప్పేయాలనిపిస్తుంది. అప్పుడు ఊట జోలికి పోకండి. పొడవుగా శ్వాస వదులుతూ, వదలడాన్నే గమనించండి. వీణ తీగలు మరీ బిగించినా, మరీ వదిలినా పలకవని బుద్ధుడు సోణుడనే భిక్షువుకి చెప్పినట్టు ప్రతి పూటా తీగని సరిచూసుకోవాల్సిందే. ఇది నేర్చుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది, ఇంకా నేర్చుకుంటున్నాను.

ఏ సంతోషమూ రాని రోజుల్లో

బాబాయి చనిపోయిన ఏడాది మా పిన్ని నాతో అంది: "నువ్వు చెప్పినవేవీ నాకు రావట్లేదు. కూర్చుంటే ఏడుపొస్తోంది."

"రానీ పిన్నీ. ఆ ఏడుపులో బాబాయి మీద ప్రేమ ఉంది కదా. దాని దగ్గరే కూర్చో" అన్నాను.

కొన్ని వారాల తర్వాత, ఏడుపు మధ్యలోనే నలభై ఏళ్లు ఆయన చేసిన మంచి ఒక్కొక్కటీ గుర్తొస్తోందని, అప్పుడు లోపల నెమ్మదిగా ఉంటోందని చెప్పింది. దుఃఖంలో ఉన్నవాళ్లు దుఃఖాన్ని నెట్టేసి సంతోషాన్ని తెచ్చుకోనక్కర్లేదు. ఉపనిస సుత్తంలో శ్రద్ధకి ముందున్న మెట్టు దుఃఖమే.

మామూలు పొడి రోజులకి మాత్రం చిన్నచిన్నవి చాలు. ఒంట్లో నొప్పి లేని చోటు ఒకటి వెతకండి, చెవి తమ్మె అయినా సరే. లేదా "ఈ పూట కూర్చున్నాను" అన్న ఒక్క నిజాన్ని తలుచుకోండి. అదీ మంచి పనే. ఏదీ పనిచేయకపోతే లేచి నెమ్మదిగా నడవండి. ఊట కోసం తవ్వుతూ మనసుని గాయపరచొద్దు.

ఒక్క హెచ్చరిక. వారాల తరబడి ఏ పనిలోనూ ఇష్టం లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, బతకాలనిపించకపోవడం ఉంటే ఈ సాధన ఒక్కదాన్నే నమ్ముకోకండి. డాక్టర్ని కలవండి, ఇంట్లోవాళ్లకి చెప్పండి. ధ్యానం తర్వాతైనా చేసుకోవచ్చు.

టైము, నోట్‌బుక్

నలభై నిమిషాలు కూర్చునేవాళ్లు ఒంటికీ బరువు దించడానికీ ఐదారు నిమిషాలు, ఊట దగ్గర పది పన్నెండు, మిగతాది శ్వాసకి ఇచ్చుకోవచ్చు. ఇరవై నిమిషాలే ఉంటే సగం సగం చేయండి. శ్వాసకి టైము తగ్గిపోతోందని బెంగ వద్దు. సంతోషంగా చూసిన పది నిమిషాల శ్వాస, పళ్లు బిగించి చూసిన నలభై నిమిషాల కంటే లోతుగా వెళ్లడం నేను నాలోనే చాలాసార్లు చూశాను.

ఒకే ఊటని కనీసం రెండు వారాలు పట్టుకోండి. రోజుకొకటి మారిస్తే ఏదీ లోతు చూపించదు. రెండు వారాల తర్వాత అది పాతబడి, తలుచుకున్నా ఏమీ కదలకపోతే అప్పుడు మార్చండి. పాతది మళ్లీ కొన్ని నెలలకి తాజాగా తిరిగొస్తుంది.

లేచేముందు, ఈ పూట కలిగిన మంచి ఇంట్లోవాళ్లకీ, తెలియనివాళ్లకీ అందాలని ఒక్క నిమిషం అనుకోండి. తర్వాత చిన్న నోట్‌బుక్‌లో ఒకే ఒక్క వాక్యం రాయండి: ఇవాళ ఏది తలుచుకున్నాను, ఒంట్లో ఎక్కడ తెలిసింది. విశ్లేషణ అక్కర్లేదు. కొన్ని నెలలయ్యాక వెనక్కి తిప్పి చూస్తే మీ మనసు ఏ దారిన తెరుచుకుంటుందో మీకే కనిపిస్తుంది. నా నోట్‌బుక్‌లో పేజీ తర్వాత పేజీలో కనిపించేది ఆ జామకాయే.